‘మీ బిడ్డే అయితే ఆధారాలు అడుగుతారా?’ అడుగుతాను

బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఏ అపార్ట్‌మెంట్ గ్రూపు తెరిచినా అదే. చూడనివాళ్ల కోసం క్లుప్తంగా: పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు ఊళ్లోకి దిగాయి, అవయవాలు తీసి అమ్ముతున్నారు, పోలీసులు దాస్తున్నారు, ప్రభుత్వ లెక్కల్లోనే కిడ్నాప్‌లు చూడండి, ఇదిగో వీడియో. చివర్లో అసలు దెబ్బ: ‘మీ బిడ్డే అయితే ఆధారాలు అడుగుతారా? కన్నవాళ్లైతే షేర్ చేయండి.’

‘ఇదిగో వీడియో.’ బైక్ మీద వచ్చినవాళ్లు వీధిలో పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు చూడండి, అది కరాచీలోది. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని చెప్పడానికి అక్కడి ఒక సంస్థ తీయించిన ప్రచార చిత్రం. అసలు దాంట్లో వాళ్లే వెనక్కి వచ్చి పిల్లాణ్ణి దింపి, ఒక బోర్డు చూపిస్తారు. ఆ ముక్క కత్తిరించేసి 2018లోనే మన దేశమంతా తిప్పారు.

‘అవయవాలు తీసి అమ్ముతున్నారు.’ బయటికి తీసిన గుండెను నాలుగైదు గంటల్లో ఇంకొకరికి అమర్చేయాలి. కిడ్నీ ఇంకొంచెం ఆగుతుంది, అయినా బ్లడ్ గ్రూపు కలవాలి, థియేటర్ కావాలి, సర్జన్ కావాలి, మత్తు డాక్టర్ కావాలి. వ్యాన్‌లో అయ్యే పని కాదు. కిడ్నీ రాకెట్లు లేవని అనట్లేదు, పట్టుబడ్డాయి కూడా. కానీ అప్పుల్లో మునిగిన పెద్దవాళ్లకి డబ్బు ఆశ చూపించి ఆసుపత్రుల్లో చేయించిన కథలవి.

‘ప్రభుత్వ లెక్కల్లోనే కిడ్నాప్‌లు చూడండి.’ చూద్దాం. పిల్లలు కనిపించట్లేదని ఫిర్యాదు వస్తే, వేరే కారణం తేలేదాకా దాన్ని అపహరణగానో అక్రమ రవాణాగానో భావించి ఎఫ్‌ఐఆర్ రాయాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి ఆదేశమే. అందువల్ల మార్కులు తక్కువొచ్చాయని అలిగి రైలెక్కిన పిల్లాడి కేసు కూడా మొదట కిడ్నాప్ ఖాతాలోనే పడుతుంది. ఆ అంకె చూపించి ముఠా ఉందంటే ఎలా?

ఇక ‘మీ బిడ్డే అయితే?’ మెసేజ్ మొత్తం నిలబడింది దీని మీదే, మిగతావన్నీ దీనికి అలంకారాలు. మా గ్రూపులో ఒక అక్క మర్యాదగా ‘ఏ పోలీస్ స్టేషన్ అండీ, ఏ రోజు?’ అని అడిగింది. వచ్చిన జవాబు: ‘మీకు పిల్లలు లేరనుకుంటా.’ (ఇద్దరున్నారు ఆవిడకి.) ముఠా వచ్చిందా లేదా అని మొదలైన మాట ఒక్క దెబ్బతో ఆవిడ మంచి తల్లా కాదా అన్నదానికి వెళ్లిపోయింది, ఇంక ఎవరూ నోరెత్తలేదు, స్టేషన్ పేరు ఇప్పటికీ రాలేదు. నాకూ కూతురుంది, ఆ వీడియో చూస్తే నాకూ కడుపులో తిప్పింది, కానీ నాకు భయమేసినంత మాత్రాన ఊళ్లో దొంగ ఉన్నట్టు కాదు కదా. ఒకవేళ నిజంగా ఉంటే ఏ గేటు దగ్గర, ఏ టైముకి, ఏ బండి అన్నది నాకు అందరికంటే ముందు కావాలి. బిడ్డ ఉంది కాబట్టే అడుగుతున్నాను.

‘షేర్ చేస్తే పోయేదేముంది?’ అని గ్రూపులో ఒక అన్నగారు అడిగారు. 2018 మేలో ఇదే ఊళ్లో, చామరాజపేటలో, రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక యువకుణ్ణి పిల్లల దొంగ అని కట్టేసి కొట్టి చంపారు. అదే ఏడాది జులైలో బీదర్ జిల్లాలో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి చంపారు. అతనితో వచ్చినవాళ్లు చేసిందల్లా పిల్లలకి చాక్లెట్లు ఇవ్వడం. ఇలాంటి చావుల తర్వాతే ఆ నెలలో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయనివ్వబోమని చెప్పింది. పోయేదేముందని అడిగిన అన్నగారు ఈ పేరా ఇంకోసారి చదవండి.

అనుమానం నిజంగా ఉంటే 112 ఉంది, పిల్లల కోసం 1098 ఉంది. స్టేషన్ పేరు, తేదీ చెప్పండి అన్నా, ఫోన్ నేను చేస్తాను.