గోడకు ఇవతల

2025 మే 7, బుధవారం. సెలవు మీద హైదరాబాద్ వెళ్ళి, ఏఎస్ రావు నగర్‌లో అమ్మ దగ్గర ఉన్నాను. సాయంత్రం నాలుగింటికి సైరన్ మోగింది. ఇది మాక్ డ్రిల్ మాత్రమేనని ముందే టీవీల్లో చెప్పారు, పేపర్లలో వేశారు. అయినా ఆ మోత మొదలవగానే అమ్మ స్టవ్ ఆపేసి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ రోజు నగరంలో డ్రిల్ పెట్టిన చోట్లు నాలుగు: సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీవో, మౌలాలీలో అణు ఇంధనం తయారుచేసే ఎన్ఎఫ్‌సీ. నాలుగో పేరు మా ఇంటికి కొత్తది కాదు. నాన్నగారు అక్కడే రిటైరయ్యారు.

"మన ఇల్లు కూడా ఆ లెక్కలోకి వస్తుందా అమ్మాయ్?" అంది అమ్మ.

ఏ లెక్క అని నేను అడగలేదు. ఇద్దరికీ తెలుసు. ఆ తెల్లవారుజామునే ఆపరేషన్ సిందూర్ మొదలైంది. అణ్వస్త్రాలున్న రెండు దేశాల మధ్య క్షిపణులు ఎగురుతున్నాయి. అమెరికాలో నేనుండే ఎడిసన్‌కి తిరిగొచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. జవాబు కోసం వెతుకుతూ ఒప్పందాలన్నీ తిరగేశాను. దొరికిన జవాబు ఏమిటంటే, గోడకు అవతలున్న ఫ్యాక్టరీ దాడి చేయకూడని చోట్ల లెక్కలోకి వస్తుంది. గోడకు ఇవతలున్న మా ఇల్లు రాదు.

ఎన్ఎఫ్‌సీ అంటే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, 1971 నుంచి ఉంది. కుషాయిగూడ, కాప్రా, ఈసీఐఎల్ చౌరస్తా చుట్టుపక్కల పెరిగి ఇప్పుడు ఈ పత్రిక చదువుతున్నవాళ్ళకి ఆ పొడవాటి గోడ గురించి చెప్పక్కర్లేదు. మన అణు విద్యుత్ కేంద్రాల్లో ఎక్కువ వాటికి ఇంధనం తయారయ్యేది అక్కడే. యురేనియం పొడిని నొక్కి, కాల్చి, పలకబలపం ముక్కంత బిళ్ళలు చేస్తారు. వాటిని జిర్కోనియం మిశ్రమంతో చేసిన సన్నటి గొట్టాల్లో పేరుస్తారు. పాత 220 మెగావాట్ల రియాక్టర్లకైతే అలాంటి గొట్టాలు పంతొమ్మిది కలిపి ఒక కట్ట, మూరెడు పొడవు ఉంటుంది. నాన్నగారు వీటి గురించి చెప్పేటప్పుడు చేతులతో ఆ కట్ట కొలత చూపించేవారు. ఎవరైనా చుట్టాలు "బాంబుల ఫ్యాక్టరీ" అంటే మాత్రం ఆయనకి కోపం వచ్చేది. "మేం చేసేది కరెంటుకి" అనేవారు. ఆ మాటకి ఇప్పుడు అంతర్జాతీయ ముద్ర కూడా ఉంది. 2008లో అమెరికాతో కుదిరిన అణు ఒప్పందం తర్వాత ఎన్ఎఫ్‌సీలో కొన్ని విభాగాలు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీల కిందికి వచ్చాయి. దిగుమతి చేసుకున్న యురేనియం కరెంటుకే వాడుతున్నామని వాళ్ళొచ్చి లెక్క చూసుకుంటారు.

ఇక లెక్క సంగతి. 1988 డిసెంబర్ 31న ఇస్లామాబాద్‌లో, రాజీవ్ గాంధీ, బేనజీర్ భుట్టో సమక్షంలో, భారత్ పాకిస్తాన్‌లు ఒక చిన్న ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఒకరి అణు కేంద్రాలను ఒకరు ధ్వంసం చేయకూడదు, అందుకు ఇంకొకరిని ఉసిగొల్పకూడదు. సారాంశం అంతే. విద్యుత్ రియాక్టర్లు, పరిశోధన రియాక్టర్లు, యురేనియం శుద్ధి కేంద్రాలతో పాటు ఇంధనం తయారుచేసే ఫ్యాక్టరీలను కూడా అందులో పేరుపెట్టి చెప్పారు. ఎన్ఎఫ్‌సీ చేసే పని అదే. ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాను, అక్షాంశ రేఖాంశాలతో సహా, ఒకరికొకరు ఇచ్చుకోవాలి. 1991 జనవరిలో ఒప్పందం అమల్లోకి వచ్చింది, 1992 జనవరి 1న మొదటి జాబితాలు చేతులు మారాయి.

అప్పటి నుంచి ఒక్క ఏడాది కూడా తప్పలేదు. కార్గిల్ తర్వాత తప్పలేదు. పార్లమెంటు మీద దాడి జరిగి, సరిహద్దులో సైన్యాలు నెలల తరబడి ఎదురెదురుగా నిలబడ్డప్పుడు తప్పలేదు. ముంబై దాడుల తర్వాత, పుల్వామా తర్వాత తప్పలేదు. 2025లో సింధు జలాల ఒప్పందం నిలిచిపోయింది, గగనతలాలు మూతపడ్డాయి, రాయబార సిబ్బందిని తగ్గించేశారు. 2026 జనవరి 1 వచ్చేసరికి జాబితాలు మాత్రం మామూలుగానే ఇచ్చిపుచ్చుకున్నారు.

ఆ మే నెలలోనే జరిగిన ఒక సంగతి నన్ను బాధపెట్టింది. పాకిస్తాన్‌లోని కిరానా కొండల్లో ఉన్న అణు స్థావరాన్ని మన వైమానిక దళం కొట్టిందని పుకారు పుట్టింది. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో సంబరాలు చేసుకున్నారు. నేనున్న మూడు గ్రూపుల్లోనూ చేసుకున్నారు. మే 12న ఎయిర్ మార్షల్ ఏకే భారతి విలేకరుల ముందుకొచ్చి కిరానా కొండలను కొట్టలేదని స్పష్టంగా చెప్పారు. రేడియేషన్ ఏదీ లీకవలేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కూడా చెప్పింది. యుద్ధం చేసి వచ్చిన అధికారులు ఆ పని చేయలేదని చెప్పడానికి వెనకాడలేదు. వేల మైళ్ళ దూరంలో సోఫాలో కూర్చున్న మనం మాత్రం అది జరిగి ఉంటే బాగుండుననుకున్నాం. అటువైపు ఒక కొండ పేలితే సంతోషించేవాళ్ళు మౌలాలీ గుట్ట పక్కన ఏముందో ఒక్క క్షణం గుర్తు తెచ్చుకోవాలి.

ఇంతకీ ఆ ఒప్పందం కాపాడేది అణు కేంద్రాన్ని. దాని పక్కనున్న కాలనీని కాపాడుతుందని అందులో ఎక్కడా లేదు. కోటి మంది ఉండే ఊరికి లేని రక్షణ ఊరి మధ్యనున్న ఫ్యాక్టరీకి ఉంది. దీన్ని సరిదిద్దాలని ఒకప్పుడు మన ప్రభుత్వమే అనుకుంది. 1994 జనవరిలో భారత్ పాకిస్తాన్‌కు ఆరు ప్రతిపాదన పత్రాలు ఇచ్చింది. అణు కేంద్రాలకున్న రక్షణను జనావాసాలకు, ఆర్థిక కేంద్రాలకు కూడా విస్తరిద్దామన్నది అందులో ఒకటి. అణ్వస్త్రాన్ని ముందుగా ఎవరమూ వాడకూడదన్నది ఇంకొకటి. కశ్మీర్ మీద పేచీతో చర్చలు ఆగిపోయాయి, పాకిస్తాన్ ఒప్పుకోలేదు, ఆ పత్రాలు అటకెక్కాయి.

అప్పుడు ప్రధానమంత్రి పీవీ నరసింహారావు. మొదటి జాబితా చేతులు మారిందీ ఆయన హయాంలోనే. మనం శంషాబాద్‌లో దిగి మెహిదీపట్నం వైపు వెళ్ళే ఫ్లైఓవర్ మీద ఆయన పేరు ఉంది. ఆర్థిక సంస్కరణల గురించి మన సభల్లో ప్రతిసారీ మాట్లాడుకుంటాం, ఈ ప్రతిపాదన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఆయన శాంతిదూత అని నేననను. 1995 చివర్లో పోఖ్రాన్‌లో పరీక్షకు ఏర్పాట్లు జరిగాయి. అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాక ఆగిపోయాయి. ఒక చేత్తో పరీక్షకు సిద్ధమవుతూ ఇంకో చేత్తో ఊళ్ళకు రక్షణ అడగడం తప్పని నాకు అనిపించదు. బాంబు ఉన్నవాడే అడగాల్సిన రక్షణ అది.

అంతర్జాతీయ అణు ఒప్పందాల్లో ఎందుకు చేరలేదన్న దానిపై మన దేశం వాదన ఏమిటో చాలామందికి తెలుసు, క్లుప్తంగా చెబుతాను. 1968లో ఎన్పీటీ, అంటే అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం, తయారైనప్పుడు 1967 జనవరి 1కి ముందు బాంబు పేల్చినవాళ్ళే అణ్వస్త్ర దేశాలని గీత గీశారు. బంతిలో ముందు కూర్చున్న ఐదుగురికే విస్తళ్ళు వేసి, తర్వాత వచ్చినవాళ్ళని చేతులు కట్టుకుని నిలబడమన్నారు. మొదటి బంతివాళ్ళు కూడా లేస్తామని, అంటే అణ్వస్త్రాలు వదులుకునే దిశగా చర్చలు జరుపుతామని, ఆ ఒప్పందం ఆరో అధికరణంలో మాటిచ్చారు. యాభై ఏళ్ళు దాటింది, లేవలేదు. 1996లో సీటీబీటీ, అంటే అణుపరీక్షల సమగ్ర నిషేధ ఒప్పందం, వచ్చినప్పుడు జెనీవాలో మన రాయబారి అరుంధతీ ఘోష్ గారు భారత్ సంతకం చేయదని తేల్చి చెప్పడం వెనకున్న న్యాయం ఇదే. ఆ న్యాయం ఇప్పటికీ చెల్లుతుంది. అమెరికా, రష్యాల మధ్య మిగిలిన చివరి పెద్ద అణ్వస్త్ర ఒప్పందం న్యూ స్టార్ట్ గడువు 2026 ఫిబ్రవరి 5తో తీరిపోయింది. చెరో 1,550 అణు వార్‌హెడ్లకు మించి మోహరించకూడదన్న కట్టుబాటు కూడా దాంతోనే పోయింది. ప్రపంచంలో ఇప్పుడు సుమారు 12,000 వార్‌హెడ్లు ఉంటే, వాటిలో అత్యధిక భాగం ఆ రెండు దేశాలవే.

కానీ ఎదుటివాడు మాట తప్పాడని మనం మాట్లాడటమే మానేశాం. అణుపరీక్షలు ఆపేద్దామని 1954లోనే అడిగిన దేశం మనది. 2010 నాటికి అణ్వస్త్రాలన్నీ పోవాలని 1988 జూన్‌లో ఐక్యరాజ్యసమితిలో దశలవారీ ప్రణాళిక పెట్టిన దేశం మనది. 2017లో అణ్వస్త్రాలను పూర్తిగా నిషేధించే ఒప్పందానికి 122 దేశాలు ఓటేస్తే, ఆ చర్చల గదిలోకి కూడా మనం వెళ్ళలేదు. అందులో చేరాలని నేననను. వెళ్ళి కూర్చుని మన అభ్యంతరం చెప్పొచ్చు కదా. పెద్ద ఒప్పందాలు పెద్ద దేశాల చేతుల్లో ఉన్నాయి, నిజమే. ఊళ్ళను కాపాడే ఈ చిన్న ఒప్పందం మాత్రం మన చేతిలోనే ఉంది. అందుకు వాషింగ్టన్‌ని అడగక్కర్లేదు, మాస్కోని అడగక్కర్లేదు.

ఈ మాట నాన్నగారి పాత స్నేహితులొకరితో అంటే ఆయన అడ్డంగా తలూపారు. "కాగితం క్షిపణిని ఆపుతుందా అమ్మా?" అన్నారు. ఆపదు. ఏ క్షిపణి ఏ ఊరి మీదకి గురిపెట్టి ఉందో బయటివాళ్ళు తనిఖీ చేయలేరు కూడా. అయితే అణు కేంద్రాల ఒప్పందం కూడా కాగితమే. గురిపెట్టేవాళ్ళ గదిలో ఇది నిషిద్ధం అన్న మాట ఒకటి ఉండటం వేరు, అసలు ఏమీ లేకపోవడం వేరు. కిరానా కొండల విషయంలో మన అధికారులు అంత స్పష్టంగా ఖండించారంటే, ఆ గీత దాటకూడదన్న స్పృహ ఉందనే కదా.

ఆయన రెండో ప్రశ్న ఇంకా గట్టిది. దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. మనం ముందుగా అణ్వస్త్రం వాడమన్నది 2003 జనవరిలో ప్రకటించిన మన విధానం. పాకిస్తాన్ అలాంటి మాట ఇవ్వలేదు. అదే విధానంలో ఇంకో వాక్యం ఉంది: మన మీద అణుదాడి జరిగితే ప్రతీకారం భారీగా, భరించలేని నష్టం కలిగించేలా ఉంటుందని. ఊళ్ళను కొట్టబోమని ఒప్పందం చేసుకుంటే ఆ 'భారీ' అన్న మాటకి అర్థమేముంటుంది? ఊళ్ళు మినహాయిస్తే ఆ బెదిరింపు పదును తగ్గుతుంది. నేను ఒప్పుకుంటాను. తగ్గాలనే నా కోరిక. లాహోర్‌లో, కరాచీలో ఉన్న లక్షల మందిని చంపుతామన్న బెదిరింపు మీద హైదరాబాద్ భద్రత నిలబడి ఉంటే, అది వాళ్ళు కూడా మన గురించి అదే అనుకుంటున్నంత కాలమే నిలబడే భద్రత. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. సైనిక లక్ష్యాల మీద ప్రతీకారం ఉంటుందని చెప్పే విధానం రాయగల నిపుణులు మనకి లేకపోలేదు.

పొరపాట్ల సంగతి వేరే ఉంది. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున దూసుకెళ్ళి పాకిస్తాన్‌లోని మియాన్ చన్ను దగ్గర పడింది. ఎవరూ చనిపోలేదు. మన ప్రభుత్వం విచారం ప్రకటించింది, ముగ్గురు వైమానిక దళ అధికారులను ఉద్యోగం నుంచి తీసేసింది. హైదరాబాద్‌లో బ్రహ్మోస్ పని ఎంత జరుగుతుందో మనకి తెలుసు, మన ఇళ్ళల్లో ఆ ఉద్యోగాలు చేసేవాళ్ళున్నారు. అది పడి ఎవరి ప్రాణమూ పోలేదు కాబట్టి సరిపోయింది. ఊరి మధ్య పడి ఉంటే, ఊళ్ళను గురిపెట్టం అన్న మాట ముందే ఇచ్చి ఉన్న దేశం "ఇది పొరపాటు" అంటే నమ్మేవాళ్ళుంటారు. ఇవ్వని దేశం అంటే ఎవరు నమ్ముతారు?

దూరాన ఉన్న మనం ఏం చేయగలమని అనుకోవద్దు. 2008లో అణు ఒప్పందం నెగ్గాలని మనవాళ్ళు అమెరికా కాంగ్రెస్ సభ్యులకు ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు, వాళ్ళ ఆఫీసులకి వెళ్ళి కూర్చున్నారు. యురేనియం రావడానికి అంత కష్టపడ్డాం. ఆ యురేనియం చేరిన ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల కోసం ఢిల్లీకి ఒక విన్నపం పంపడం ఎంత పని? పాకిస్తానీ సంఘాలతో మాట్లాడే అవకాశం హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకంటే మనకే ఎక్కువ. ఇక్కడ ఒకే వీధిలో ఉంటాం, ఒకే కొట్లో బాస్మతి కొంటాం. కరాచీలో హైదరాబాద్ కాలనీ అనే పేట ఉంది, విభజన తర్వాత మన ఊరి నుంచి వెళ్ళినవాళ్ళు కట్టుకున్నది. పాతబస్తీలో చాలామందికి అక్కడ బంధువులున్నారు. సింధ్‌లో అసలు హైదరాబాద్ పేరుతోనే ఒక మహానగరం ఉంది.

1994 పత్రాన్ని బయటికి తీసి మళ్ళీ పాకిస్తాన్ ముందు పెట్టాలని, వాళ్ళు కాదన్నా ఊళ్ళను గురిపెట్టబోమని భారత్ తన వంతుగా ప్రకటించాలని కోరుతూ ఒక పేజీ తీర్మానం రాశాను. మన సంఘం మహాసభల్లో చర్చకు పెట్టమని కార్యవర్గానికి పంపాను. అందులో మొదట మన హైదరాబాద్ పేరు, దాని పక్కనే సింధ్ హైదరాబాద్ పేరు ఉన్నాయి. రెండో పేరు తీసేస్తే సభ్యులు తేలిగ్గా ఒప్పుకుంటారని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. భాష మార్చమంటే మారుస్తాను, పొడవు తగ్గించమంటే తగ్గిస్తాను. ఆ పేరు మాత్రం తీయను.