లాక్ పడని అల్లిస్ అల్లుడికి

ఆపరేషన్‌లో కోత అంచుల్ని పట్టుకునే పళ్ల పటకారు, మహారాజశ్రీ అల్లిస్ అల్లుడుగారికి, కర్నూలు నుంచి ఆపరేషన్ థియేటర్ (ఓటీ) సిస్టర్ అత్తమ్మ రాయునది.

మీ పేరు మొదటిసారి విన్నప్పుడే నాకు అల్లుడని వినపడింది. ఇరవై ఏళ్లు మీతో వేగాక నా చెవి తప్పేం కాదని తేలింది. మామూలు అల్లుడైతే పండక్కి భక్ష్యాలు పెట్టి పంపిస్తాం. మీకు రోజూ పండగే. బ్రష్‌తో పళ్లు తోమాలి, పచ్చగుడ్డ చుట్టాలి, క్రిములు చావడానికి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో అరగంట కూర్చోబెట్టాలి. మే నెల ఎండకే మేమిక్కడ ఉడికిపోతుంటే, మీరు ఆవిరిలోంచి పెళ్లికొడుకులా మెరుస్తూ బయటికొస్తారు.

వంశం గొప్పదే, కాదనను. ఫిలడెల్ఫియా సర్జన్ ఆస్కార్ అల్లిస్ 1883లో మిమ్మల్ని లోకానికి చూపించాడు. ఒక దవడ పళ్లు ఇంకో దవడ పళ్ల సందుల్లో కూర్చుంటాయి. కడుపు గోడలోని గట్టి పొరనైనా, సిజేరియన్‌లో గర్భసంచి కోత అంచునైనా పట్టారంటే జారదు. పేగు దగ్గరికి మాత్రం రానివ్వం, కొరికేస్తారు. అక్కడికి మీ తోడల్లుడు, బాబ్‌కాక్ పటకారుని పిలుస్తాం. ఆయనదీ ఫిలడెల్ఫియానే. కానీ పళ్లు లేవు, పేగునైనా అపెండిక్స్‌నైనా పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుంటారు. ఇద్దరిలో ఎవరు మంచివారంటే నేను ఆయన పేరే చెప్తా. కోపగించుకోకండి.

ఇక అసలు సంగతి. మీ పిడి దగ్గర పట్టు బిగించే లాక్ అరిగిపోయింది. క్లిక్‌మని శబ్దం ఘనంగానే వస్తుంది, పట్టే ఉండదు. మొన్న సరిగ్గా కుట్టు వేసే వేళకు జారారు. డాక్టరమ్మ మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. ‘ఏమిచ్చావ్ సిస్టర్ నాకు?’ అని నన్నే అంది. అంతలో మీరు మాయం. కడుపు మూసేముందు లెక్కపెడితే అల్లిస్‌లు 6 ఉండాల్సిన చోట 5! టెన్షన్‌తో నాకు చేతులు చల్లబడ్డాయి. గుడ్డలన్నీ దులిపాం, రక్తం అద్దే గుడ్డల (మాప్‌ల) బకెట్ తిరగేశాం. తీరా చూస్తే మీరు టేబుల్ కింద, మత్తు డాక్టరుగారి చెప్పు పక్కన హాయిగా పడుకుని ఉన్నారు.

ఆ రోజే మీకు తెల్ల ప్లాస్టర్ చుట్టి పక్కన పెట్టి, కొత్తది కావాలని ఆఫీసుకు ఇండెంట్ (కోరిక పత్రం) రాశా. ఆఫీసాయన మిమ్మల్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, ‘బాగానే మెరుస్తోంది కదమ్మా’ అన్నాడు. వారం తిరక్కుండా ప్లాస్టర్ ఊడింది, మీరు మళ్లీ ట్రేలో ప్రత్యక్షం. ఇలా మూడు ఇండెంట్లయ్యాయి.

పట్టు జారడం మా ఊరికి కొత్త కాదు లెండి. 1953లో రాజధాని చేతికొచ్చింది, 1956లో జారి హైదరాబాదులో పడింది. అప్పుడు కూడా లాక్ అరిగిన సరుకే ఇచ్చారేమో!

రేపు పొద్దున ఎనిమిదింటికి సిజేరియన్ ఉంది. మిమ్మల్ని నా బీరువాలో పెట్టి తాళం వేస్తున్నా. అలిగితే అలగండి. నాలుగో ఇండెంట్ ఈ ఉత్తరం వెనకవైపే రాశాను. ఆఫీసాయన మీకోసం వెతుక్కుంటూ వస్తే కాగితం తిప్పి చూడమనండి.

ఇట్లు,
మీ ఆటోక్లేవ్ అత్తమ్మ