మనలాంటి మనిషి, కొత్త సంగతి: జనం తీసే ప్రకటనల్లో తూకం ఎక్కడ?

2009 ఫిబ్రవరి 1న అమెరికాలో సూపర్ బౌల్ ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. అర నిమిషం ప్రకటనకు సుమారు 30 లక్షల డాలర్లు పలికిన ఆ ప్రసారంలో, ఇండియానా రాష్ట్రానికి చెందిన ఇద్దరు అన్నదమ్ములు, డోరిటోస్ చిప్స్ సంస్థ మామూలు జనానికి పెట్టిన ప్రకటనల పోటీ కోసం సుమారు 2,000 డాలర్ల ఖర్చుతో తీసిన ప్రకటన ఒకటి వచ్చింది. ప్రేక్షకుల మార్కులతో యూఎస్ఏ టుడే పత్రిక ఏటా నిర్వహించే యాడ్ మీటర్‌లో అదే మొదటి స్థానంలో నిలిచింది. అంతకుముందు పదేళ్లపాటు ఆ స్థానం బడ్‌వైజర్ బీరు తయారుచేసే ఆన్‌హైజర్-బుష్ చేయి దాటలేదు. మొదటి స్థానం సాధిస్తే 10 లక్షల డాలర్లు ఇస్తామన్న డోరిటోస్ మాట ప్రకారం అన్నదమ్ములకు ఆ సొమ్ము కూడా దక్కింది.

ఆ ప్రకటనలో ఉన్నదేమిటో కాస్త నిదానంగా చూడాలి. ఒక మామూలు ఆఫీసు. ఒక ఉద్యోగి చేతిలో బల్ల మీద అలంకారానికి పెట్టుకునే గాజు గోళం ఉంటుంది. దాన్ని జోస్యం చెప్పే స్ఫటికంగా భావించి, ఈరోజు అందరికీ ఉచితంగా చిప్స్ దొరుకుతాయా అని అడుగుతాడు. దొరుకుతాయని తానే ప్రకటించి, గోళాన్ని తిన్నగా చిప్స్ యంత్రం అద్దం మీదికి విసురుతాడు. అద్దం భళ్లున పగులుతుంది, జోస్యం నిజమవుతుంది. అది చూసి ఆశపడిన మరో ఉద్యోగి తన ప్రమోషన్ గురించి అడిగి గోళం విసిరితే, అది వెళ్లి పై అధికారికి తగలరాని చోట తగులుతుంది. ఆఫీసు, అద్దం వెనక ఊరించే చిరుతిండి, ఉచితమంటే పుట్టే ఆశ, ప్రమోషన్ కోసం ఎదురుచూపు, ఇవన్నీ చూసేవాళ్లకు రోజూ అనుభవంలో ఉన్నవే. కొత్తది ఒక్కటే, ఆ గాజు గోళానికి వచ్చిన కొత్త పని. తక్కిన లోకమంతా ఉన్నచోటే ఉంది కనుక ఆ ఒక్క కదలిక కొట్టొచ్చినట్టు కనిపించింది.

వినియోగదారులే తీసే వీడియో ప్రకటనల విషయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. తమలాంటి మనిషే మాట్లాడుతున్నాడన్న నమ్మకమూ, ఇంతకుముందు చూడనిది చూస్తున్నామన్న ఆసక్తీ రెండూ కావాలని వ్యాపార సంస్థలన్నిటికీ తెలుసు. అయితే చాలా సంస్థలు సొంతతనాన్ని చిత్రీకరణ తీరులోనూ, కొత్తదనాన్ని అరుపుల్లోనూ ఆర్భాటంలోనూ వెతుకుతున్నాయి. నిజానికి సొంతతనం సందర్భంలో ఉంటుంది. కొత్తదనం ఆ సందర్భం లోపలే, ఒక్కచోట మాత్రమే మొలవాలి.

మనస్తత్వ శాస్త్రం ఈ విషయాన్ని ఏనాడో పట్టుకుంది. పదేపదే కంటబడిన దానిపై, కారణం తెలియకుండానే ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జయాంక్ 1968లో చూపించారు. డేనియల్ బెర్లైన్ తర్వాతి సంవత్సరాల్లో దానికి మరో కోణం జోడించారు. కొత్తదనం పెరిగేకొద్దీ ఆనందం ఒక స్థాయిదాకా పెరుగుతుందనీ, ఆ స్థాయి దాటితే అది అయోమయంగా, చిరాకుగా మారుతుందనీ ఆయన వివరించారు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఆ స్థాయి అందరికీ ఒకటి కాదు, ఎప్పటికీ ఒకటిగా ఉండదు. నిన్న కొత్తగా అనిపించింది నేటికి అలవాటవుతుంది, ఎల్లుండికి విసుగు పుట్టిస్తుంది. ఫోన్ తెర మీద ఈ మార్పు టీవీ రోజులకంటే ఎంతో వేగంగా జరుగుతోంది.

జనానికి కెమెరా అప్పగిస్తే చాలు, సొంతతనం దానంతట అదే వస్తుందన్న నమ్మకానికి 2006లోనే గట్టి దెబ్బ తగిలింది. షెవ్రొలే సంస్థ తన టాహో అనే పెద్ద ఎస్‌యూవీ కోసం ఒక వెబ్‌సైట్ పెట్టి, కారు దృశ్యాలూ సంగీతమూ తానే ఇచ్చి, వాటి మీద మాటలు రాసి ప్రకటనలు తయారుచేయమని జనాన్ని పిలిచింది. మంచు కొండల్లో, ఎడారుల్లో దూసుకుపోయే ఆ బండి దృశ్యాల మీద కొందరు భూతాపం గురించీ, ఆ బండి తాగే పెట్రోలు గురించీ చురుక్కుమనే మాటలు రాశారు. సంస్థ వాటిని తీసేయకుండా ఉంచడం మెచ్చుకోదగ్గ నిర్ణయమే. కానీ లోపం పిలుపులోనే ఉంది. జనం బతుకులో నుంచి ఒక్క దృశ్యాన్నీ తీసుకోలేదు. సంస్థ సొంత ఆర్భాటపు దృశ్యాలకు జనం మాటలు మాత్రం అతికించమన్నారు. ఆ బండితో తమ జీవితానికి ఏ సంబంధమూ లేనివాళ్లకు దాని గురించి చెప్పగలిగిన కొత్త సంగతి వ్యతిరేకత ఒక్కటే.

దీనికి సరిగ్గా అవతలి వైపు 2020 సెప్టెంబరు నాటి ఉదంతం ఉంది. ఐడహో రాష్ట్రంలో బంగాళాదుంపల గిడ్డంగిలో పనిచేసే నేథన్ అపొడాకా పనికి వెళ్తుండగా ఆయన బండి దారిలో మొరాయించింది. వెంట ఉన్న లాంగ్‌బోర్డు, అంటే చక్రాలున్న పొడవాటి పలక ఎక్కి రోడ్డు మీద జారుకుంటూ వెళ్తూ, ఓషన్ స్ప్రే క్రాన్‌బెర్రీ రసం సీసా ఎత్తి తాగుతూ, ఒక పాత పాటకు పెదవులు కదుపుతూ ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు. టిక్‌టాక్‌లో అది కోట్లమందికి చేరింది. దాన్ని ఎవరూ రాయించలేదు, ఎవరూ డబ్బు ఇవ్వలేదు. పనికి ఆలస్యమవుతున్న కూలిమనిషి అందరికీ తెలుసు. బండి ఆగిపోవడమూ అందరికీ జరిగేదే. అంత చికాకులో ఆ మనిషి ముఖంలో కనిపించిన ప్రశాంతతే అక్కడ కొత్తది. తర్వాత ఆ కంపెనీ ఆయనకు క్రాన్‌బెర్రీ రంగు ట్రక్కు ఒకటి బహూకరించింది. కంపెనీ అధిపతి కూడా అలాగే బోర్డు ఎక్కి, సీసా పట్టుకుని వీడియో చేశారు. ఆ గౌరవం నాకు నచ్చింది. కాని ప్రకటనగా చూస్తే ఆ రెండో వీడియోలో ఏమీ మిగలలేదు, ఎందుకంటే ఆయనకు పనికి ఆలస్యం కాలేదు, ఆయన బండి దారిలో ఆగలేదు.

మన దగ్గర ఇదే వరస 2024 జనవరిలో హైదరాబాద్ మాదాపూర్‌లో కనిపించింది. కుమారి ఆంటీగా పేరుపొందిన మహిళ రోడ్డు పక్క నడిపే భోజనాల బండికి పబ్లిసిటీ చేసినవాళ్లు ఆమె దగ్గర తిన్న కస్టమర్లూ, యూట్యూబ్ చానళ్లవాళ్లూనే. ఒక కస్టమర్‌కు లెక్క చెబుతూ ఆమె అన్న ‘మీది మొత్తం థౌజండ్ అయింది, రెండు లివర్లు ఎక్స్‌ట్రా’ అన్న మాట రాష్ట్రాలు దాటి తిరిగింది. ఐటీ ఉద్యోగులు రోజూ తినే బండి, అన్నం వడ్డిస్తూనే నోటితో లెక్క కట్టే మనిషి, ఇందులో కొత్త ఏముంది? రోడ్డు పక్క బండి దగ్గర బిల్లు వెయ్యి రూపాయలు కావడమూ, దాన్ని ఆమె ఏ తడబాటూ లేకుండా చెప్పిన తీరూ. జనం ఎంతగా ఎగబడ్డారంటే, ట్రాఫిక్ ఇబ్బంది పేరుతో పోలీసులు ఆ బండిని ఆపించడం, చివరికి ముఖ్యమంత్రి జోక్యం చేసుకోవడం దాకా వెళ్లింది. ఆ తర్వాత నెలల తరబడి ఎన్నో హోటళ్లవాళ్లు అదే మాటను తమ రీల్స్‌లో పెట్టుకున్నారు. మాట వచ్చింది గానీ, ఆ మాటకు పుట్టుకనిచ్చిన సందర్భం వాటిలోకి రాలేదు.

ఇప్పుడు సంస్థలు యూజీసీ (యూజర్ జనరేటెడ్ కంటెంట్, అంటే వాడేవాళ్లే తీసినవి) పేరుతో చేయిస్తున్న వీడియోల్లో ఎక్కువ భాగం ఇలా సందర్భం లేని అనుకరణలే. వీడియో చేసే అమ్మాయికి ముందుగానే బ్రీఫ్, అంటే ఏం చేయాలో చెప్పే సూచనల పత్రం అందుతుంది. మొదటి మూడు సెకన్లలో ఆశ్చర్యపడాలి, ఫోన్ కాస్త కదలాలి, వెనక వంటగది కనిపించాలి, ‘నిజం చెప్తున్నా, నేనూ మొదట నమ్మలేదు’ అనాలి, పద్నాలుగో సెకనులో సీసా లేబుల్ కెమెరా వైపు తిప్పాలి. వీటిలో ఏ ఒక్కటీ అబద్ధం కాకపోవచ్చు. కాని ఇదే వరుస వందసార్లు చూసిన ప్రేక్షకుడికి ఆ కదిలే ఫోన్ ఇక పక్కింటి మనిషిని గుర్తు చేయదు, ప్రకటననే గుర్తు చేస్తుంది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించాక మన దేశంలో రీల్స్, షార్ట్స్ ఆ ఖాళీని నింపాయి. చీరల దుకాణాల నుంచి ఫ్లాట్ల అమ్మకాల దాకా తెలుగు ప్రకటనలూ అక్కడికే చేరి, అవే మాటలు, అదే ఆశ్చర్యం, అదే వేగం పట్టుకున్నాయి. మాండలికంలో మాట్లాడిస్తే చాలు, సొంతతనం వచ్చేసినట్టేనని అనుకోవడం ఇందులో నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి. కరీంనగర్ యాసలోనో శ్రీకాకుళం యాసలోనో మాట్లాడే మనిషికి తనదైన పని, తనదైన రోజు ఉంటాయి. వాటిని వదిలేసి యాసను మాత్రం తీసుకుంటే అది వేషమే అవుతుంది.

డోరిటోస్ పోటీ కథ కూడా ఇటువైపే నడిచింది. 2007లో మొదటిసారి ప్రసారమైన విజేత ప్రకటనకు 12 డాలర్ల చిల్లరే ఖర్చయిందని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు. ఏళ్లు గడిచేకొద్దీ కుక్కలు, పసిపిల్లలు, మేకలు తెర మీదికి వచ్చాయి. గెలిచే సూత్రం ఏమిటో అందరికీ తెలిసిపోయింది, తీసేవాళ్ల చేయి తిరిగింది. 2016తో పోటీని ఆపారు. ఆ పదేళ్లలో ప్రతి చేతిలోకీ కెమెరా వచ్చేసింది కనుక, మామూలు మనిషి తీసిన ప్రకటన అన్నదే ఒక వింతగా నిలిచే కాలం ముగిసిందని నా అభిప్రాయం. 2025లో పోటీని మళ్లీ తెచ్చారు. అప్పుడు గెలిచిన ప్రకటనలో చిప్స్ ప్యాకెట్ కోసం గ్రహాంతర నౌకతో ఒక మనిషి పెనుగులాడతాడు. నౌక ఎంత వింతైనా, తన ప్యాకెట్‌ను ఎవరికీ వదులుకోలేని ఆ మనిషి పట్టుదల మనకు తెలిసిందే.

కాబట్టి సంస్థలు బ్రీఫ్‌లో రాయవలసింది తక్కువ, వెతకవలసింది ఎక్కువ. వస్తువు గురించి చెప్పకూడని అబద్ధాలేమిటో, చెప్పి తీరవలసిన నిజాలేమిటో రాస్తే చాలు. ఆ వస్తువును ఇప్పటికే వాడుతున్నవాళ్లలో, దాన్ని కంపెనీ అనుకోని పనికి వాడుతున్నవాళ్లు ఎవరో, అనుకోని వేళ వాడుతున్నవాళ్లు ఎవరో వెతికితే కొత్తదనం అక్కడే దొరుకుతుంది. వాళ్లు తీసిన వీడియోను వాళ్ల అనుమతితో, వాళ్ల ఖాతా పేరు మీదే డబ్బు పెట్టి మరింతమందికి చేర్చే వీలు వేదికలు ఏనాడో కల్పించాయి. టిక్‌టాక్ 2021లో తెచ్చిన స్పార్క్ యాడ్స్ అలాంటిదే. ఆ వీడియోను మళ్లీ కత్తిరించి, పైన లోగో అతికించి పాడుచేయకుండా ఉండగలగడమే అసలు కష్టం. ఇలా వెతకడానికి సమయం పడుతుంది, ప్రతి వీడియో పండుతుందన్న హామీ కూడా లేదు. నెలకు ఇన్ని వీడియోలని లెక్క చూపవలసిన మార్కెటింగ్ విభాగాలు బ్రీఫ్‌నే నమ్ముకోవడానికి కారణం ఇదే.

ఈ తొందరకు ఇప్పుడు మరో దారి దొరికింది. 2024 జూన్‌లో టిక్‌టాక్ ప్రకటనకర్తల కోసం కృత్రిమ మేధతో తయారైన మనుషుల బొమ్మలను ప్రవేశపెట్టింది. అవి మనలాంటి ముఖంతో, అనేక భాషల్లో, ఎన్ని వీడియోలు కావాలంటే అన్నిటిలో మాట్లాడగలవు. వస్తువును వాడిన అనుభవం మాత్రం వాటికి ఉండదు, కనుక అందులోంచి పుట్టే ఆశ్చర్యమూ ఉండదు. చట్టాలు ఈ తేడాను గుర్తిస్తున్నాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఆగస్టులో ప్రకటించిన నిబంధన, అసలు ఉనికిలో లేని వినియోగదారుల పేరుతో పుట్టించే అభిప్రాయాలను, అవి కృత్రిమ మేధ తయారుచేసినవైనా సరే, నిషేధించింది. మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి, అంటే ఆస్కీ, 2021 జూన్ నుంచి అమలు చేస్తున్న మార్గదర్శకాలు డబ్బు తీసుకుని చేసిన వీడియోకు ఆ సంగతి తెలిపే గుర్తు ఉండాలంటున్నాయి. తెర మీద ఉన్నది కల్పిత వ్యక్తి అయితే, తాము అసలు మనిషితో మాట్లాడటం లేదని చూసేవాళ్లకు స్పష్టంగా తెలియజేయాలని కూడా అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. డబ్బు తీసుకున్నామన్న గుర్తు పెడితే వీడియో సొంతతనం పోతుందని భయపడి దాన్ని మూలన చిన్న అక్షరాల్లో దాచే సంస్థలు, ఆ గుర్తు ఎదురుగా ఉన్నా చూడాలనిపించే వీడియో తమ దగ్గర ఉందో లేదో ముందు తేల్చుకోవాలి.