చిప్పు మార్చాలా, కెపాసిటరా?

నల్గొండలో మా మేనమామ ఇల్లు. బల్ల మీద మూత తీసిన పాత సీడీ ప్లేయర్. ఆయన ఏళ్ల తరబడి రేడియోలు బాగుచేసినవాడు. ఆయన అల్లుడు కొత్త చిప్పు కొనుక్కొచ్చాడు. నేను టార్చి పట్టుకున్నాను.

అల్లుడు: ఇందులో సౌండు సిగ్నల్‌ను బయటికి పంపే చిప్పు ఎన్‌ఈ5532 మామా, పాత డిజైన్. ఓపీఏ2134 వేద్దాం. దీని స్పీడు, అంటే వోల్టేజీ మారే వేగం, మైక్రోసెకనుకు (సెకనులో పది లక్షల వంతుకు) 9 వోల్టులైతే, దానిది 20.

మామ: ప్లేయర్ బయటికి పంపేది 2 వోల్టులు. చెవికి వినబడే అతి సన్నని స్వరం, 20 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా దానికి మైక్రోసెకనుకు అర వోల్టు స్పీడు చాలు. 9 ఉన్నా సరిపోలేదా? పావు ఎకరం తడపడానికి పది హెచ్‌పీ మోటారు ఎందుకయ్యా?

అల్లుడు: లెక్క సరే, చెవి మాటేంది? మా దోస్తు మార్చాక తబలా దెబ్బ విడిగా వినబడింది.

మామ: డబ్బు పెట్టినోడికి వినబడుతది. సౌండు పిసరంత పెరిగినా మనకు బాగున్నట్టే ఉంటది. రెండింటి సౌండూ మీటరు పెట్టి సమానం చెయ్యి. ఏది ఏదో తెలియకుండా విను. అప్పుడు చెప్పు.

(ఈ మాటకు నేను మామ పక్షమే. ఈ పరీక్ష చేయకుండా చిప్పులు మార్చి, బోర్డు రాగి గీతలు లేపేసుకున్నవాళ్లను చూశాను.)

అల్లుడు: మరి రెండు స్పీకర్లలో ఆ గుయ్యిమనే హమ్?

మామ: అదీ అడగాల్సిన మాట! టార్చి ఇటు కొట్టు.

ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెద్ద కెపాసిటర్, కరెంటును నిలకడగా ఉంచేది. నెత్తి ఉబ్బింది, అడుగున గోధుమరంగు మరక. వేడికి లోపలి ద్రవం ఎండింది.

అల్లుడు: అట్లయితే వెనక డిజిటల్ సిగ్నల్ బయటికిచ్చే కోయాక్సియల్ ఔట్ ఉంది కదా, దాన్ని పాటగా మార్చే డాక్ (డీఏసీ) పెట్టె బయట పెడితే? లోపలి ఆడియో బోర్డుతో పనే ఉండదు.

మామ: మంచి మాటే. పాట వినే దారి మారుతది. కానీ డిస్కు తిప్పేది, లేజర్‌ను నడిపేది ఈ కెపాసిటర్ ఉన్న పవర్ సప్లైయే. ఇది పోతే నీ డాక్‌కు పంపేదేముంది? ముందు ఇది తీయి. 2200 మైక్రోఫారడ్, 25 వోల్టులు, 105 డిగ్రీలది వెయ్యి. మైనస్ గీత ఎటుందో చూసుకో.

అల్లుడు: చిప్పు కింద, టంకం లేకుండా దాన్ని మార్చుకునే సాకెటన్నా వేయనియ్యి మామా. కళ్లు మూసుకొని నువ్వే విందువు గాని.

మామ: వెయ్యి. హమ్ పోయినంక.