బస్తీ పిల్లలు ఎక్కడ కూర్చుని చదవాలి?

హైదరాబాద్‌లో ఇంటి పన్ను కట్టేవాళ్లంతా గ్రంథాలయాలకు కూడా కడుతున్నారు. పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు పడుతుంది. అద్దెకుండేవాళ్లకూ తప్పదు, ఆ భారం చివరికి అద్దెలోనే చేరుతుంది. ఇలా నగరమంతటి నుంచీ డబ్బు వస్తోంది గానీ, సదుపాయం మాత్రం అందరికీ అందడం లేదు.

చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయానికి పొద్దున్నే వెళ్లి చూడండి. గ్రూప్స్‌కూ, డీఎస్సీకీ చదివే పిల్లలు టిఫిన్ బాక్సులు పట్టుకుని, తలుపులు తీయకముందే వచ్చి ఉంటారు. లోపల చోటు దొరకనివాళ్లు చెట్ల కింద కూర్చుని చదువుకుంటారు. వాళ్లలో చాలామంది జిల్లాల నుంచి వచ్చి అశోక్‌నగర్ చుట్టుపక్కల గదుల్లో ఉంటున్నవాళ్లే. ఆ రద్దీ అవసరమైనదే. కానీ రసూల్‌పుర, అడ్డగుట్ట, తలాబ్‌కట్టా లాంటి పేదల బస్తీల్లో పదో తరగతి చదివే అమ్మాయి అక్కడిదాకా ఎలా వస్తుంది? ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమే. అయినా బడి వదిలాక రెండు బస్సులు మారి వెళ్లి, చీకటి పడ్డాక తిరిగి రావడానికి ఏ ఇంట్లో ఒప్పుకుంటారు?

ఒకే గదిలో అయిదుగురు ఉండే ఇల్లు. టీవీ మోగుతుంటుంది, పక్కనే వంట, చిన్నోడి ఏడుపు. ఆ పిల్లకు ముందు కావాల్సింది పుస్తకం కూడా కాదు. ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక ఫ్యాను, రెండు గంటల నిశ్శబ్దం. డబ్బున్నవాళ్లు ప్రైవేటు రీడింగ్ రూముల్లో నెలనెలా కట్టి కొనుక్కుంటున్నది సరిగ్గా వీటినే.

శాఖా గ్రంథాలయాలు ఉన్నాయి కదా అంటారు. చాలాచోట్ల అవి నాలుగు దినపత్రికలు, తాళం వేసిన బీరువాలు ఉన్న గదులు. మధ్యాహ్నం మూసి, సాయంత్రం కాసేపు తెరుస్తారు. కూలికెళ్లినవాళ్లు ఇల్లు చేరేసరికి అక్కడ దీపాలు ఆర్పేస్తారు. పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలంటే డిపాజిట్, చిరునామా రుజువు అడుగుతారు. వలస వచ్చిన కుటుంబం కరెంటు బిల్లు ఎవరి పేరున చూపిస్తుంది? పాతబస్తీలో ఉర్దూ చదివే పిల్లల కోసం కొత్త పుస్తకాలు ఎన్ని కొంటున్నారో కూడా అడగాలి.

వసూలైన సెస్సును నగరపాలక సంస్థ గ్రంథాలయ సంస్థకు సకాలంలో ఇవ్వడం లేదన్న ఫిర్యాదు ఏళ్ల నాటిది. అది తీరాల్సిందే. కానీ డబ్బు వచ్చినా ఉన్న పెద్ద భవనాలకే రంగులు వేస్తే బస్తీకి ఒరిగేదేమీ లేదు. 1935లో గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెక్కించి కృష్ణా కాలువల వెంట ఊళ్లకు పంపించారు. చదివేవాడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలన్న ఆలోచన మనకు కొత్తేమీ కాదు.

ఇప్పుడైతే పడవ కూడా అక్కర్లేదు. సాయంత్రం బడి వదిలాక సర్కారు బడుల గదులు ఖాళీగానే ఉంటాయి. బస్తీల్లో కమ్యూనిటీ హాళ్లూ ఉన్నాయి. వాటిని రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరిచి, స్థానిక అమ్మాయినో అబ్బాయినో జీతమిచ్చి పెడితే చాలు. దాంతోపాటు ఏ వార్డు నుంచి ఎంత సెస్సు వచ్చింది, ఆ వార్డులో ఎంత ఖర్చయింది అన్న లెక్కను ఏటా బయటపెట్టాలి. ఆ రెండు అంకెలూ పక్కపక్కన కనిపించిన రోజు, బస్తీవాళ్లు కార్పొరేటర్‌ను ఏమడగాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.