మాతృశ్రీ మదర్‌బోర్డు గారికి

మాతృశ్రీ మదర్‌బోర్డు గారి పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీరు క్షేమమేనని మీ ఒంటిమీద వెలుగుతున్న ఊదారంగు దీపాలు చెబుతూనే ఉన్నాయి. నా క్షేమం మీరు ఎలాగూ అడగరు కనుక నేనే చెబుతాను. నిన్న ఆదివారం పొద్దున తొమ్మిదికి మీ ముందు కూర్చున్నవాడిని రాత్రి పదకొండున్నరకు లేచాను. మధ్యలో పొయ్యిమీద పెట్టిన పప్పు మాడింది.

నా కంప్యూటర్ భాగాలన్నిటినీ ఒక చోట కలిపి ఉంచే పలక మీరు. మీకన్నా ముందు ఈ ఇంట ఆ పదవిలో ఉన్న బోర్డు గారు బల్లి వల్ల కాలం చేశారు. అది కంప్యూటర్ క్యాబినెట్ వెనుక సందులోంచి దూరి, కంప్యూటర్‌కు మెదడైన ప్రాసెసర్ పక్కన వెచ్చగా ఉందని పడుకుని, తాను పోతూ ఆవిడనూ తీసుకుపోయింది. బల్లి భుజం మీద పడితే ఏమిటో, మోకాలి మీద పడితే ఏమిటో పంచాంగంలో వరసగా వేస్తారు. మదర్‌బోర్డు మీద పడితే ఏమిటో మాత్రం ఎక్కడా లేదు. ఆ ఫలితం నేను రాస్తాను: ధననష్టం, 7,400 రూపాయలు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కొట్టు కొట్టూ తిరిగి, పాత ఆవిడలాగే బీ450 చిప్‌సెట్ ఉన్న మిమ్మల్ని తెచ్చుకున్నాను. అదే రైజన్ 5 3600 ప్రాసెసర్, అదే జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, అవే రెండు 8 జీబీ ర్యామ్ (మెమరీ) స్టిక్కులు. ఇల్లు మారినా కాపురం అదే కదా అనుకున్నాను.

కౌంటర్ స్ట్రైక్ 2 అనే తుపాకుల ఆటలో సెకనుకు 170, 180 ఫ్రేములు (తెర మీద బొమ్మలు) అలవోకగా ఇచ్చిన యంత్రం మీ చేతికి వచ్చాక 100 దగ్గర ఆయాసపడింది. ఎవరైనా పొగ గ్రెనేడు విసిరితే చాలు, 60. నేను మలుపు తిరిగేసరికి ఎదుటివాడు నన్ను కాల్చి, తుపాకీలో గుళ్లు నింపుకుని తన దారిన పోతున్నాడు. విజయవాడ నుంచి ఆడుతున్న మా చిన్నాన్న కొడుకు "అన్నయ్యా, నీకు వయసు మీద పడుతోంది" అన్నాడు. వాడికి పంతొమ్మిదేళ్లు. ఆ మాట కూడా మీ ఖాతాలోనే రాసుకున్నాను.

ముందు చిల్లర లెక్కలు తేల్చుకుందాం. మీతోపాటు వచ్చిన ఆ వెనుక ఇనుప రేకు కోసిన బొటనవేలికి ఇంకా కట్టు ఉంది. ఈ ప్రాసెసర్‌కు తెర మీద బొమ్మ గీసే సొంత గ్రాఫిక్స్ లేవు. అయినా మీ వీపున హెచ్‌డీఎంఐ రంధ్రం ఒకటి నోరు తెరుచుకుని ఉంది. అలవాటు కొద్దీ తెర కేబులు అందులో దోపి అరగంట సేపు నల్లటి తెరను చూశాను. కింద ఉన్న రెండో పొడవాటి స్లాటు పైకి పదహారు లేన్లది (డేటా నడిచే దారులు), లోపల పనిచేసేవి నాలుగే. పెద్ద గుమ్మం పెట్టి వెనుక గది కట్టడం మరిచిపోయిన ఇల్లు. ఇక ర్యామ్‌కు నాలుగు స్లాట్లు ఉంటే నేను మొదటి రెండింటిలో పెట్టాను. మా ఊళ్లో పెళ్లి భోజనాల బంతిలో మొదటి ఆకు దగ్గర నుంచే కూర్చుంటాం మరి. మీ ఇంటి మర్యాద వేరట. ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్థానాల్లో కూర్చోవాలట, లేకపోతే ర్యామ్‌కు డేటా వచ్చిపోయే రెండు ఛానళ్లకు బదులు ఒకటే పనిచేస్తుందట. సరే, అది మీతో వచ్చిన పుస్తకంలో చీమ తలకాయంత అక్షరాలతో ఉంది. చదవకపోవడం నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

కాని అసలు సంగతికి మీ పుస్తకం అడ్డు రాదు.

ఆ స్టిక్కులను సరైన చోటికి మార్చాక కూడా ఆట 140 దాటలేదు. పాపం, అప్పటికి నేను ఎవరిని అనుమానించలేదు? గ్రాఫిక్స్ కార్డును విప్పి దుమ్ము దులిపాను. ప్రాసెసర్ వేడెక్కుతోందేమోనని దాని వేడిని లాగే పేస్టు తుడిచి మళ్లీ పూశాను. విండోస్ మొత్తం చెరిపి కొత్తగా వేశాను, ఆట మళ్లీ దించుకున్నాను. ఇంటర్నెట్ ఇచ్చే కుర్రాడికి ఫోను చేసి, ఏ పాపం ఎరుగని అతనిపై గొంతు పెంచాను. రాత్రి పదకొండుకు, ఇక ఏమీ తోచక, ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ మీద నొక్కితే ఒక మూల చిన్న అక్షరాలతో ఉంది. వేగం: 2133.

అట్టపెట్టె మీద 3200. స్టిక్కు మీద 3200. నేను డబ్బు పోసింది 3200కు.

ఈ తరం రైజన్‌లో ర్యామ్ నెమ్మదిస్తే ర్యామ్ ఒక్కటే నెమ్మదించదు. ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ కూడా దాని గడియారంతోనే అడుగు వేస్తుంది. 3200 అయితే అది 1600 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది, 2133 అయితే 1066లో. రోజంతా నేను ఇంజను విప్పి చూస్తున్నాను, బండికి హ్యాండ్‌బ్రేకు వేసి ఉంది. వేసింది మీరు.

మీ వాదన నాకు తెలుసు. నా స్టిక్కుల్లో ప్రమాణం ప్రకారం రాసి ఉన్న భద్రమైన వేగం 2133 అనీ, 3200 అనేది ఎక్స్‌ఎంపీ అనే వేరే ప్రొఫైల్ అనీ, దాన్ని ఓవర్‌క్లాకింగ్ (ప్రమాణాన్ని మించి పరుగెత్తించడం) కింద లెక్కగడతారనీ, యజమాని కోరితేనే వడ్డించాలనీ. దానికి మళ్లీ సహస్రనామాలు: ఒక బోర్డులో ఎక్స్‌ఎంపీ, ఇంకొక దానిలో డీఓసీపీ, మరొక దానిలో ఏ-ఎక్స్‌ఎంపీ. భక్తుడు ఏ పేరున పిలవాలో వెతుక్కోవాలి. పోనీ, అదీ ఒప్పుకుంటాను. భద్రత కోసమే తగ్గించారు.

చెప్పలేదెందుకు?

నీకు తెలుసు. ఆ స్టిక్కు లోపలి చిప్పు మీద రాసింది నువ్వు చదివావు. నీ సొంత సెట్టింగుల తెర అయిన బయోస్‌లోకి వెళ్లి చూస్తే ప్రొఫైల్ 1, 3200 అని నువ్వే చూపిస్తున్నావు, పక్కనే 'డిసేబుల్డ్' అని. అంటే మరుపు కాదు, అజ్ఞానం కాదు. మాట రాదందామా? మొదటిసారి స్విచ్ వేసినప్పుడు కొత్త ప్రాసెసర్ కనబడిందనీ, ఎఫ్‌టీపీఎం అనే భద్రతా తాళాన్ని రీసెట్ చేయాలంటే వై నొక్కమనీ, వద్దంటే ఎన్ నొక్కమనీ, తప్పు నొక్కితే డేటా గతి ఏమవుతుందోననీ తెర నిండా పేరా రాసి నా గుండె ఆపినంత పని చేశావు. అంత వాగ్ధాటి ఉన్నదానివి, 'నాయనా, నీ ర్యామ్ సగం నిద్రలో ఉంది, లేపమంటావా' అని ఒక్క వాక్యం రాయలేకపోయావా? 1,67,77,216 రంగుల్లో వెలగడం వచ్చు, వాటిలో ఒక్క ఎరుపును ఈ పనికి కేటాయించడం రాలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత ఉంది నిజమే. కాని ఏ అమ్మా కూర వండి, మూత పెట్టి, గిన్నె వెనక్కి దాచి, కొడుకు ఉత్త మజ్జిగన్నం తింటుంటే చూస్తూ కూర్చోదు.

క్షమించాలి, ఏకవచనంలోకి జారాను.

చివరకు ఏం చేశానో మీకు తెలిసిందే. ప్రొఫైల్ 1 ఎంచుకుని, సేవ్ చేయడానికి ఎఫ్10 నొక్కాను. పదిహేను సెకన్లు. తెర నల్లబడింది, ఫ్యాన్లు ఆగాయి, మళ్లీ తిరిగాయి, మళ్లీ ఆగాయి. 7,400 మళ్లీ పోయాయనుకుని నేను తలుచుకోని దేవుడు లేడు. అప్పుడు మీరు మెల్లగా కళ్లు తెరిచారు. 3200. ఆటలో 176. పొగ గ్రెనేడులోనూ 120 దిగలేదు. పన్నెండింటికి మళ్లీ కూర్చుని, విజయవాడ వాడిని నిద్ర లేపి మరీ వరసగా మూడు ఆటలు ఓడించాను. వాడిప్పుడు తన ఇంటర్నెట్ బాగాలేదంటున్నాడు.

ఇట్లు,
బొటనవేలికి కట్టుతో,
మీ వాడు

తా.క. తెర కుడి మూల 'విండోస్‌ను యాక్టివేట్ చేయండి' అనే అక్షరాలు ఇంకా పోలేదు. ఆ లైసెన్సు అటక మీద ఉన్న పాత ఆవిడతో ముడిపడి ఉందట. ఆ తగవు వేరే పెట్టుకుంటాను. క్యాబినెట్ వెనుక సందులన్నిటికీ దోమతెర ముక్కలు కత్తిరించి అంటించాను. మీ మీద ప్రేమతో కాదు. ఇంకొక ఆదివారం నా దగ్గర లేదు.