హిల్డీ తిరిగొచ్చింది వాల్టర్ కోసం కాదు

1940 నాటి హాలీవుడ్ సినిమా ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ గురించి ఎవరు రాసినా అదే పాట. విడాకులు తీసుకున్న జంట తిట్టుకుంటూ తిట్టుకుంటూ మళ్లీ ఒకటయ్యే చిలిపి ప్రేమకథట. చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

ఆ వాల్టర్ బర్న్స్ ప్రేమికుడేంటండీ? పత్రిక ఎడిటర్. మాజీ భార్య, తన దగ్గర పనిచేసిన రిపోర్టర్ హిల్డీ ఇంకొకర్ని పెళ్లాడి ఆల్బనీ అనే ఊరికి వెళ్లిపోతానంటే, పాపం ఆ పెళ్లికొడుకు బ్రూస్‌ని ఒక్క రోజులోనే మళ్లీ మళ్లీ జైల్లో వేయిస్తాడు. దొంగతనం కేసు, దొంగనోట్ల కేసు, ఆఖరికి అతని తల్లిని ఎత్తుకుపోవడం కూడా. ఆ వేషం కేరీ గ్రాంట్ నవ్వుతూ చేశాడు కాబట్టి మనమూ నవ్వేస్తాం. ఇంకొకడు చేస్తే విలన్ అనేవాళ్లం.

మరి హిల్డీ ఎందుకు ఆగిపోయింది? హిల్డీగా వేసిన రోజలిండ్ రసెల్‌ని చూస్తే తెలిసిపోతుంది. టపాకాయల్లా పేలుతున్న మాటలు, ఉరిశిక్ష పడ్డ ఎర్ల్ విలియమ్స్‌ని జైల్లో పలకరించే చోట ఒక్కసారిగా నెమ్మదిస్తాయి. అతని చేత మాట్లాడించడం ఆమెకే చేతనవును. తర్వాత వాడు తప్పించుకున్నాడని తెలియగానే జైలు ఉద్యోగి వెంటపడి, కింద పడేసి మరీ, 450 డాలర్లు ఇచ్చి సంగతి రాబడుతుంది. నేరం ఎలా జరిగిందో చేసి చూపించమని, ఖైదీని పరీక్షించడానికొచ్చిన డాక్టరుగారు షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి) తుపాకీనే ఖైదీ చేతికిచ్చాడట! ఆ 450 బ్రూస్ డబ్బు. నా లెక్కలో ఆ పెళ్లి అక్కడే రద్దయింది. బ్రూస్ వచ్చి పక్కన నిలబడి బతిమాలుతుంటే ఆమె టైపు కొడుతూనే ఉంటుంది, మాట చెవికెక్కదు.

ఇంకో సంగతి. దీనికి మూలం బెన్ హెక్ట్, చార్లెస్ మెకార్థర్ 1928లో రాసిన నాటకం. అందులో హిల్డీ మగాడు! పెళ్లి చేసుకుని ఉద్యోగం మానేస్తానన్న రిపోర్టర్‌ని ఎడిటర్ వెళ్లనివ్వడు, అంతే కథ. దర్శకుడు హోవర్డ్ హాక్స్ అతన్ని ఆడపిల్లను చేసి, విడాకులు తగిలించాడు. అస్థిపంజరం మాత్రం మారలేదు. వార్త వాసన తగిలితే మానలేని మనిషి కథ ఇది.

నాకు నచ్చనిది ఒక్కటే, చివర్లో ఆ ఏడుపు. వాల్టర్ నిజంగానే తనను బ్రూస్‌తో పంపించేస్తున్నాడనుకున్నానని హిల్డీ వెక్కి వెక్కి ఏడుస్తుంది. గంటన్నర పాటు గదినిండా ఉన్న మగాళ్లందరినీ మాటల్తో ఆడించిన మనిషి చేత అలా ఏడిపించడమేంటి? ఎందుకో ఆ నిమిషానికి రాసినవాళ్లకు ధైర్యం చాలలేదు. ఆ వెంటనే తేరుకున్నారు లెండి. మొదటి హనీమూన్ బొగ్గుగనిలో వార్తకోసం పోయింది, రెండోది ఆల్బనీలో సమ్మె వార్తకు పోతోంది. వాల్టర్ చేతులూపుకుంటూ ముందు నడుస్తాడు, పెట్టె మోసేది హిల్డీయే. దీన్ని పట్టుకుని రొమాంటిక్ ముగింపు అంటారు మనవాళ్లు!